పాటనే బడి చేసిన నానా అస్మావు

సహారా దిగువన ఒక రాజ్యం – 6

గోబిర్ రాజధాని అల్కలావా 1808లో కూలిపోవడం దగ్గర పోయిన భాగం ఆగింది. రాజు యున్ఫా ఆ పోరులోనే హతమయ్యాడు. మత పండితుడు షెహు ఉస్మాన్ దాన్ ఫోదియో శిష్యులు గెలిచారు. మరుసటి ఏడాది షెహు కొడుకు ముహమ్మద్ బెల్లో సొకోటో నగరానికి పునాది వేశాడు. ఇప్పటి నైజీరియా వాయవ్య మూలన ఉన్న ఆ ఊరు, 19వ శతాబ్దంలో ఉష్ణమండల ఆఫ్రికా అంతటిలోకీ పెద్ద రాజ్యానికి రాజధాని అయింది.

కోట గెలవడం ఒక ఎత్తు. కోట చుట్టూ ఉన్న పల్లెల మనసు గెలవడం ఒక ఎత్తు. గెలిచిన పండితులు ఎక్కువమంది ఫులానీలు. వాళ్ళకు ఇంట్లో మాట ఫుల్ఫుల్దే, పుస్తకంలో మాట అరబ్బీ. ఓడిన పల్లెలు మాట్లాడేది హౌసా. పేరుకు ముస్లింలే అయినా, బిడ్డకు జబ్బు చేస్తే, కడుపు పండకపోతే ఆ పల్లెల ఆడవాళ్ళు పరుగెత్తేది బోరి పూనకం వచ్చే స్త్రీల దగ్గరికే. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళున్నారు. బందీలుగా వచ్చి, తమవాళ్ళను ఓడించినవాళ్ళ ఇళ్ళలోనే దాసీలుగా బతుకుతున్నవాళ్ళున్నారు. కొత్త రాజ్యం చెప్పే ధర్మం ఏమిటో వీళ్ళకు ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? చదవడం రాని మనిషికి పుస్తకం ఎలా అందించాలి?

ఈ ప్రశ్నలకు జవాబు కత్తి పట్టిన అన్నల దగ్గర లేదు. వాళ్ళ చెల్లెలి దగ్గర ఉంది. ఈ భాగం ఆమెది.

డెగెల్ ఇల్లు

1793లో డెగెల్ అనే చిన్న ఊళ్ళో షెహు భార్య మైమూనాకు కవలలు పుట్టారు. మగబిడ్డకు హసన్ అని పేరు పెట్టారు. ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం ఆడబిడ్డ పేరు హుసైనా కావాలి. తండ్రి ఆనవాయితీ పక్కన పెట్టి అస్మా అన్నాడు. మహమ్మద్ ప్రవక్త మక్కా విడిచి మదీనాకు వెళ్ళినప్పుడు, గుహలో తలదాచుకున్న ఆయనకు ఆహారం చేరవేసిన యువతి పేరది. హౌసా నోట ఆ పేరు అస్మావు అయింది. ‘నానా’ గౌరవంతో ముందు చేర్చే మాట. పెద్దయ్యాక ఆమె చేసిన పని చూసి జనం, తండ్రికి ఆనాడే తెలిసిందేమో అని చెప్పుకున్నారు.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు చదువుకోవడం వింత కాదు. షెహుకు తొలి గురువులు కన్నతల్లి హవ్వా, అవ్వ రుఖయ్యా. అస్మావు అక్క ఖదీజా, మాలికీ న్యాయశాస్త్రంలో ప్రామాణికమైన ఖలీల్ గ్రంథాన్ని ఫుల్ఫుల్దేలోకి తెచ్చిన మనిషి. శిష్యులకు వరండాలో పాఠం చెప్పి, ఇంట్లోని ఆడపిల్లలను చీకట్లో వదిలేసే పండితుల మీద షెహు తన రాతల్లో గట్టిగా విరుచుకుపడ్డాడు. భార్యను, కూతురిని వంటింటి కుండలా వాడుకొని, పగిలాక పెంట మీద పారేస్తారా అన్నది ఆయన నిలదీత సారాంశం. మగవాళ్ళు కూడి ఉన్న సభల్లో, ఆడవాళ్ళు కూడా వింటుండగా, ఆ మాట చెప్పడానికి ఆయన వెనుకాడలేదు. పాత పాలకులకూ, వాళ్ళ కొలువు పండితులకూ ఆయన మీద ఉన్న కోపాల్లో ఇదీ ఒకటి.

1804 ఫిబ్రవరిలో యున్ఫా వేధింపులు భరించలేక షెహు కుటుంబం డెగెల్ విడిచి గుడు అనే చోటికి బయల్దేరింది. అప్పటికి అస్మావుకు పదకొండేళ్ళు. ఆ ప్రయాణంలో ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. తిండి, నీళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, వెనక శత్రువు. ఇన్నింటి మధ్య షెహు పుస్తకాలను వదిలిపెట్టలేదు. తువారెగ్ తెగకు చెందిన ఒక శిష్యుడు ఒంటెలు తెచ్చి ఆ పుస్తకాలను మోయించాడు. ప్రాణానికే భరోసా లేని నాడు ఇంటి పెద్దలు కాపాడుకున్నది ఏమిటో ఆ పిల్ల కళ్ళారా చూసింది.

తర్వాతి నాలుగేళ్ళు గుడారాల బతుకు. ఆ మధ్యలోనే, 1807లో, బెల్లోకు ఆప్తమిత్రుడైన గిదాదోతో అస్మావు పెళ్ళయింది. 1817లో షెహు కన్నుమూశాడు. బెల్లో ఖలీఫా అయ్యాడు, గిదాదో ఆయనకు వజీరు అయ్యాడు. అదే ఏడాది కవల సోదరుడు హసన్ కూడా పోయాడు. అస్మావు కొడుకులను కని పెంచుతూ, వజీరు ఇంటి పెద్ద సంసారాన్ని నడుపుతూ కలం పట్టింది. ఆ కలం నలభై ఏళ్ళకు పైగా ఆగలేదు.

ఏ భాషలో ఎవరికి

ఆమె రచనలు 60కి పైగా మనకు దక్కాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే ముందు కంటపడేది భాషల లెక్క. అరబ్బీ, ఫుల్ఫుల్దే, హౌసా మూడింటా రాసింది. తువారెగ్‌ల తమాషెక్ కూడా ఆమెకు వచ్చు. ఒక్కో భాష ఒక్కో గుమ్మం. తోటి పండితులతో మాట్లాడాలంటే అరబ్బీ. 1820లో రాసిన ‘తన్బీహ్ అల్ గాఫిలీన్’ అనే వచన గ్రంథం అరబ్బీలోనే ఉంది. మారిటానియా నుంచి పండితుడు వస్తే స్వాగత పద్యం అరబ్బీలో చెప్పింది. ఖురాన్ అధ్యాయాలు ఏయే బాధలకు ఊరటనిస్తాయో వివరిస్తూ 1839లో రాసిన వైద్య గ్రంథం కూడా అరబ్బీయే. తన వంశం, తన వాడకట్టు ఆడవాళ్ళకైతే ఫుల్ఫుల్దే. ఓడిన పల్లెలకు, బందీలుగా వచ్చినవాళ్ళకు, అంటే ఎక్కువమందికి, హౌసా.

హౌసా ఆమెకు తల్లిభాష కాదు. గెలిచిన ఇంటి ఆడబిడ్డ, రాజు చెల్లెలు, వజీరు భార్య. అందరూ తన భాష నేర్చుకొని రావాలని కూర్చుంటే కాదనేవాళ్ళు లేరు. ఆమె అలా కూర్చోలేదు. తండ్రి ఫుల్ఫుల్దేలో చెప్పిన పద్యాలను హౌసాలోకి మార్చింది, తనూ హౌసాలో కొత్తగా కట్టింది. ఓడినవాళ్ళ భాష గడప తొక్కింది ఆమే.

హౌసాకూ ఫుల్ఫుల్దేకూ వాడిన లిపి అరబ్బీ అక్షరాలదే. దాన్ని అజమీ అంటారు. పిల్లలు కొయ్యపలక మీద రాసి, వల్లె వేసి, కడిగి మళ్ళీ రాసేవారు. మసికి తుమ్మజిగురు కలిపితే సిరా, జొన్నదంటు చెక్కితే కలం. రాసిన కాగితాలను కుట్టేవారు కాదు. విడి ఆకులుగానే పేర్చి తోలుసంచిలో పెట్టి దాచేవారు.

పద్యం కట్టడంలో ఆమెకున్న పట్టు చూపడానికి రెండు ఉదాహరణలు చాలు. 1822 నాటి ఒక పద్యం ఉంది. కష్టం వెంటే సులువు కూడా ఉంటుందని ధైర్యం చెప్పే ఖురాన్ 94వ అధ్యాయపు వాక్యాన్ని తీసుకొని, ఆ వాక్యంలోని ఒక్కో అక్షరాన్ని ఒక్కో చరణం మొదట నిలిపి పద్యమంతా నడిపింది. మన చిత్రకవిత్వం ఎరిగినవాళ్ళకు ఇందులోని శ్రమ తెలుస్తుంది. రెండోది తఖ్మీస్. ఆ మాటకు అర్థం ఐదు చేయడం. వేరొకరి పద్యంలోని రెండు పాదాలు తీసుకొని, వాటికి తన మూడు పాదాలు కలిపి ఐదు చేయాలి. ప్రాస తప్పకూడదు, అతుకు కనపడకూడదు. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదాన్ని గట్టెక్కిస్తే చాలు. తఖ్మీస్‌లో అసలు కవి గొంతూ వినిపించాలి, చేర్చినవాడి గొంతూ వినిపించాలి. అస్మావు తండ్రి పద్యాలకు తఖ్మీస్ కట్టింది. చిన్న తమ్ముడు ఈసా అక్క పద్యాలకు కట్టాడు. ఒక తరం మాటను ఇంకో తరం ఇలా చేయి పట్టుకొని నడిపించింది.

నోటికి వచ్చే పుస్తకం

ఆమె రచనల్లో పండితులు పెద్దగా పట్టించుకోకుండా దాటిపోయే పద్యం ఒకటుంది. ఖురాన్‌లోని 114 అధ్యాయాల పేర్లూ అందులో ఉంటాయి, కథ లేదు, వర్ణన లేదు. పేర్ల మధ్య ప్రార్థన, చివర ప్రాస. దీన్ని ఆమె ఒక్కసారి రాసి ఊరుకోలేదు. ఫుల్ఫుల్దేలో, హౌసాలో, అరబ్బీలో మూడుసార్లు, ఏళ్ళ తేడాతో కట్టింది.

కాగితం మీద చూస్తే అది వట్టి జాబితా. పాడితే వేరు. మన ఇళ్ళలో తిథులు, నక్షత్రాలు, తెలుగు నెలలు చదువు రాని అమ్మమ్మల నోట ఎలా వరసగా దొర్లేవో గుర్తు చేసుకోండి. పేరు నోటికి వస్తే గురువు పాఠం చెప్పినప్పుడు అది ఎక్కడిదో తెలుస్తుంది. పిల్లలకు చెప్పడానికి ఒక మెట్టు దొరుకుతుంది. పలక కొనలేని, కలం పట్టని మనిషి కూడా ఖురాన్ విషయసూచికను తలలో పెట్టుకొని సజ్జలు దంచుకోవచ్చు. రోలు దగ్గర, బావి దగ్గర, దారిలో పాడుకోవచ్చు. తండ్రి జీవితాన్ని, వలసను, యుద్ధాలను చెప్పే ‘వాకర్ గెవాయె’ అనే దీర్ఘగీతం కూడా ఇలాగే పనికొచ్చింది. అది చరిత్ర పాఠం, పాట రూపంలో.

బెల్లో ఒకసారి పూర్వకాలపు ధర్మపరాయణులైన స్త్రీల మీద అరబ్బీ వచనంలో పుస్తకం రాశాడు. దాన్ని పద్యంగా మార్చి అందరికీ అందేలా చేయమని చెల్లెలిని అడిగాడు. ఆమె 1836, 1837 ఏళ్ళలో ఫుల్ఫుల్దేలో, హౌసాలో రెండుసార్లు చేసింది. బస్రా నగరపు రాబియా వంటి సూఫీ స్త్రీలు అందులో ఉన్నారు. పొడుగాటి కథలను ఒక్కొక్కరికీ కొద్ది పాదాలకు కుదించింది. అంతటితో ఆగలేదు. చివర సొకోటో ఆడవాళ్ళ పేర్లు చేర్చింది. తండ్రి జమాతులో పాఠం చెప్పినవాళ్ళు, ప్రార్థనలో నిలిచినవాళ్ళు, ఊరికి అండగా ఉన్నవాళ్ళు. ఎక్కడో అరబ్బు దేశంలో వెయ్యేళ్ళ కిందటి మహాత్మురాలి పేరు విన్న నోటితోనే పక్క వీధి ముసలమ్మ పేరూ వింటే, వినే పిల్లకు ఏమనిపిస్తుంది? ఆ వరసలో నాకూ చోటుంది అనిపిస్తుంది. అస్మావు కోరుకున్నది అదే అని నేను నమ్ముతున్నాను.

గడ్డి టోపీ

పద్యం ఎంత గొప్పదైనా పల్లె దాకా నడిచి వెళ్ళలేదు. ఎవరో మోసుకుపోవాలి. అందుకు ఆమె కట్టిన వ్యవస్థ పేరు ‘యన్ తరు’. హౌసాలో ఆ మాటకు, కూడినవాళ్ళు, ఒక జట్టువాళ్ళు అని అర్థం. పల్లెల నుంచి ఆడవాళ్ళు గుంపులుగా సొకోటోలోని ఆమె ఇంటికి నడిచి వచ్చేవారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు, నలభై అయిదు దాటిన పెద్దవాళ్ళు. నడివయసు ఇల్లాళ్ళను పసిపిల్లల బాధ్యత, పరదా ఆచారం కదలనిచ్చేవి కావు. కాబట్టి కదలగలిగినవాళ్ళే పాఠాన్ని మోసుకెళ్ళి, కదలలేనివాళ్ళకు వాళ్ళ గుమ్మంలోనే చెప్పాలి.

ప్రతి గుంపుకూ ఒక నాయకురాలు. ఆమెను జాజి అనేవారు. హౌసాలో జాజి అంటే ఎడారి బిడారును దారి తప్పకుండా నడిపే పెద్ద. జాజిని నియమించినప్పుడు అస్మావు ఆమెకు ఒక మల్ఫా ఇచ్చేది, దాని చుట్టూ కట్టుకోవడానికి ఒక ఎర్రగుడ్డ ఇచ్చేది.

ఈ మల్ఫాను కాస్త దగ్గరగా చూడాలి. సన్నటి గడ్డితో బిగువుగా అల్లిన పెద్ద టోపీ అది. మామూలుగా మగవాళ్ళు పెట్టుకునేది. ఆడవాళ్ళలో దాన్ని పెట్టుకునే హక్కు గోబిర్ రాజ్యంలో ‘ఇన్నా’ అనే పదవిలో ఉన్న స్త్రీకి ఉండేది. ఆ ఇన్నాయే బోరి పూనకాల ఆచారానికి పెద్ద. అంటే మల్ఫా పెట్టుకున్న ఆడమనిషి కనపడితే పల్లె జనం చేతులు కట్టుకొని నిలబడడం తరతరాల అలవాటు. అస్మావు తలచుకుంటే ఆ టోపీని నిషేధించమని అన్నకు చెప్పగలదు. ఆమె చేసింది వేరు. అదే టోపీని పాఠం చెప్పే స్త్రీ తల మీద పెట్టింది. జనం కళ్ళలో ఉన్న పాత గౌరవం చెక్కుచెదరకుండా కొత్త తలకు మారింది. ఎర్రగుడ్డ చుట్టిన మల్ఫా వెనక వరసగా పాడుకుంటూ నడిచే ఆడవాళ్ళను దారిలో ఎవరూ ఆపలేదు, అల్లరి పెట్టలేదు. ఇంటి మగవాళ్ళకు కూడా కాదనడానికి సాకు మిగల్లేదు.

వాళ్ళు ఉత్తచేతులతో వచ్చేవారు కాదు. ధాన్యం, వెన్న, తేనె, బట్ట, ఎవరికి ఉన్నది వాళ్ళు తెచ్చేవారు. అవి లేనివాళ్ళకు, జబ్బుపడ్డవాళ్ళకు పంచిపెట్టేవారు. చదువూ సాయమూ ఒకే ఇంటి గుమ్మంలో దొరికేవి. తగవులకు సలహా, కష్టానికి ఓదార్పు కూడా అక్కడే. బోరి స్త్రీల దగ్గరికి పల్లె ఆడది ఏమి వెతుక్కుంటూ వెళ్ళేదో అదంతా ఇక్కడ దొరకాలని అస్మావు పట్టుపట్టింది. పాత నమ్మకాన్ని తిట్టినంత మాత్రాన పోదని ఆమెకు తెలుసు.

పోయినవాళ్ళ పేర్లు

1837లో బెల్లో మరణించాడు. అప్పటి నుంచి ఆమె రచనల్లో స్మృతి పద్యాలు పెరిగాయి. అన్న మీద రాసింది, అన్న గుణగణాల మీద విడిగా రాసింది. నలభై ఏళ్ళు కలిసి బతికిన గిదాదో పోయాక ఆయన మీద రాసింది. రాజుల మీదా వజీర్ల మీదా రాయడానికి కవులు ఎప్పుడూ ఉంటారు. అస్మావును ప్రత్యేకంగా నిలిపేవి మరి కొన్ని ఉన్నాయి. పురుళ్ళు పోస్తూ, చనిపోయినవాళ్ళకు స్నానం చేయించి సాగనంపుతూ బతికిన జహరతు మీద ఒక పద్యం. హలీమా అనే మంచి మనిషి మీద ఒకటి. హవ్వా అనే జాజి మీద 1858లో ఒకటి.

హవ్వా మీద రాసిన పద్యంలో ఎండాకాలం, వానాకాలం, కోతల కాలం, సహారా దుమ్ము మోసుకొచ్చే హర్మట్టాన్ గాలి రోజులు వరసగా వస్తాయి. ఏ కాలమైనా ఆమె ఆడవాళ్ళను వెంటబెట్టుకొని దారి మీదే ఉండేదన్నది అందులోని మాట. అరవై అయిదేళ్ళ అస్మావు తన స్నేహితురాలి గొప్పతనాన్ని అలా కొలిచింది. వంశం చెప్పలేదు, సంపద చెప్పలేదు. నడిచిన దారి చెప్పింది. మంత్రసాని, జాజి, ఇరుగుపొరుగు మంచి మనిషి చరిత్రలో పేరుతో మిగలడం ఏ దేశంలోనైనా అరుదు. సొకోటోలో మిగిలారంటే కారణం ఆమె కలం.

చెప్పక తప్పనిది

ఆమె మీద నాకున్న ప్రేమ కొద్దీ రెండో వైపు దాచిపెడితే ఈ ధారావాహిక అబద్ధమవుతుంది. అస్మావు గెలిచినవాళ్ళ పక్షాన ఉన్న కవి. గోబిర్, తువారెగ్ సేనలను బెల్లో ఓడించిన 1836 నాటి గవాకుకె యుద్ధం మీద ఆమె రాసిన పద్యంలో గెలుపు సంబరమే ఉంది. ఓడినవాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఏడుపు అందులో వినపడదు. ఆ శతాబ్దంలో ప్రపంచంలోని అతి పెద్ద బానిస వ్యవస్థల్లో సొకోటో రాజ్యానిది ఒకటి. యుద్ధాల్లో పట్టుబడ్డ స్త్రీలు పెద్దల ఇళ్ళలో దాసీలయ్యారు. ఆమె ఆ వ్యవస్థను ప్రశ్నించలేదు. అదే ఇంట్లో, అదే వాకిట్లో, అలా వచ్చిన స్త్రీలకు వాళ్ళ భాషలో పాఠం చెప్పింది, వాళ్ళలోంచి పాఠం చెప్పేవాళ్ళను తయారు చేసింది. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని చెరిపేయలేం.

తోలుసంచి తెరిచిన రోజు

1864లో అస్మావు కన్నుమూసింది. సొకోటోలో తండ్రి సమాధి ఉన్న హుబ్బారెలోనే ఆమెనూ ఖననం చేశారు. యన్ తరు బాధ్యత చెల్లెలు మర్యం చేపట్టింది. 1903లో బ్రిటిష్ సేనలు సొకోటోను పట్టుకున్నాయి. కొత్త ప్రభుత్వం బడుల్లో, కచేరీల్లో హౌసాను రోమన్ అక్షరాల్లో రాయించింది. అజమీలో చక్కగా చదివి రాయగలిగిన మనుషులు సర్కారు లెక్కలో ఒక్కసారిగా నిరక్షరాస్యులైపోయారు. అస్మావు పుస్తకాలు చదివే కళ్ళు తగ్గిపోయాయి.

కాగితాలు మాత్రం వజీరు వంశం ఇంట్లో తోలుసంచుల్లో ఉండిపోయాయి. గిదాదో, అస్మావుల వంశంవాడైన వజీరు జునైదు పండితుడు, చరిత్రకారుడు. ఉత్తర నైజీరియాలో విద్యాశాఖలో పనిచేస్తున్న జీన్ బాయ్డ్ అనే ఆంగ్ల మహిళకు ఆయన ఆ ఆకులు చూపించాడు. ఆమె ఏళ్ళ తరబడి వాటి మీద పనిచేసి 1989లో అస్మావు జీవితచరిత్ర వెలువరించింది. 1997లో బెవర్లీ మాక్‌తో కలిసి రచనలన్నిటినీ ఒక సంపుటంగా తెచ్చింది. అప్పుడు గానీ బయటి ప్రపంచానికి అస్మావు ఎవరో తెలియలేదు.

సొకోటో ఆడవాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన అవసరం రాలేదు. సంపుటం అచ్చు కాకముందే ఆ పాటలు వాళ్ళ నోళ్ళలో ఉన్నాయి. యన్ తరు జట్లు నడుస్తూనే ఉన్నాయి. ఉత్తర నైజీరియాలో ఆమె పేరున బడులున్నాయి. అమెరికాలో కొందరు ముస్లిం స్త్రీలు తమ అధ్యయన బృందానికి యన్ తరు అనే పేరే పెట్టుకున్నారు. అదే ఉత్తర నైజీరియాలో 2014లో చిబోక్ బడి నుంచి 276 మంది ఆడపిల్లలను బోకో హరామ్ ఎత్తుకుపోయింది. మతం పేరు చెప్పి ఆడపిల్లను బడికి దూరం చేసేవాళ్ళకు ఆ నేల మీదే, ఆ మతంలోంచే, రెండు వందల ఏళ్ళ కిందటే జవాబు ఉంది. ఆ జవాబు తోలుసంచిలోనూ ఉంది, సజ్జలు దంచే చోట పాడే గొంతులోనూ ఉంది. సంచి మూతపడ్డ ఏళ్ళన్నీ దాన్ని బతికించింది గొంతు.

వచ్చే భాగంలో: ఎడారి దాటి, 1853లో సొకోటో చేరిన జర్మన్ యాత్రికుడు హైన్రిష్ బార్ట్, ఖలీఫా అలియూ కొలువులో ఏమి చూశాడు?